బ్యాంకుకు కొనిపెడుతున్న లిప్‌స్టిక్

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. జీతం చేతికి 58,000 వస్తుంది, ఇంటికి 15,000 పంపుతాను. నాకున్న ఒకే పిచ్చి ఖరీదైన లిక్విడ్ లిప్‌స్టిక్‌లు, అందులోనూ కొద్దిపాటి మెరుపుండే శాటిన్ ఫినిష్‌వి. ఒక్కోటి 4,200. ఇప్పటికి తొమ్మిది ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 48,000 బాకీ ఉంది, వడ్డీ నెలకు 3.75 శాతం. నెలనెలా నాలుగైదు వేలు కట్టి నెట్టుకొస్తున్నాను. 60,000 ఎఫ్‌డీ ఉంది, దాన్ని ముట్టుకోవద్దని అమ్మ మాట. వచ్చే నెల నంద్యాలలో చెల్లి పెళ్లి. కొత్త షేడ్ ఒకటి నో కాస్ట్ ఈఎంఐలో, అంటే వడ్డీ ఉండదని చెప్పే నెలవారీ వాయిదాల్లో తీసుకోనా? లేక ఇవన్నీ మానేసి నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే సిప్ మొదలుపెట్టనా?

జవాబు: లిప్‌స్టిక్ మానమని నేను చెప్పను. నా బ్యాగులోనూ ఒకటుంది. ముందు మీ కార్డు స్టేట్‌మెంట్ చూద్దాం.

48,000 మీద 3.75 శాతం అంటే నెలకు 1,800 వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 324. మొత్తం 2,124. రెండు నెలలకు 4,248. అంటే రెండు నెలలకో శాటిన్ లిప్‌స్టిక్ మీరు బ్యాంకుకు కొనిపెడుతున్నారు, అదీ మీకు నచ్చిన బ్రాండే!

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బిల్లు పూర్తిగా కట్టకుండా బాకీ మిగిల్చితే, వడ్డీ లేని గడువు పోతుంది. నిన్న టిఫిన్‌కి కార్డు గీకినా ఆ దోసె మీద నిన్నటి నుంచే వడ్డీ నడుస్తుంది.

అటు మీ ఎఫ్‌డీకి ఏడాదికి ఆరున్నర శాతం వడ్డీ అనుకున్నా నెలకు వచ్చేది 325. ఇటు పోయేది 2,124. అమ్మ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఈ లెక్క ఆవిడకు చూపించండి. ఎఫ్‌డీ తీసేసి కార్డు బాకీ మొత్తం ఒకేసారి కట్టేయండి. గడువుకు ముందే తీస్తే వడ్డీలో అర శాతమో ఒక శాతమో కోత పడుతుంది, పడనివ్వండి. అది ట్యాక్స్ సేవర్ ఎఫ్‌డీ అయితే మాత్రం ఐదేళ్ల దాకా కదలదు. అప్పుడు తక్కువ వడ్డీకి పర్సనల్ లోన్ దొరుకుతుందేమో మీ జీతం పడే బ్యాంకులో అడగండి.

మిగిలిన 12,000 అత్యవసరానికి అలాగే ఉంచండి. నెలకు 6,000 చొప్పున బ్యాంకులో ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) వేస్తే ఎనిమిది నెలల్లో మీ 48,000 మళ్లీ మీ దగ్గరుంటుంది. సిప్ ఆ తర్వాతే.

ఇక లిప్‌స్టిక్‌ల లెక్క. శాటిన్‌ది మెరుపు లేని మ్యాట్ రకంలా పెదవుల్ని ఎండగట్టదు, కానీ కాఫీ గ్లాసు అంచుకు సగం అంటుకుపోతుంది. రోజూ వేస్తే ట్యూబు నాలుగు నెలలు వచ్చిందనుకుందాం, రోజుకు 35 రూపాయలు. మీ జీతానికి అదేమీ దుబారా కాదు. అసలు దుబారా అరలో ఆరిపోతున్న మిగతా ఎనిమిదింట్లో ఉంది. పెట్టె మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, దానిలో 6ఎం, 12ఎం అని ఉంటుంది చూడండి. తెరిచాక అన్ని నెలల్లోపు వాడేయాలని దాని అర్థం. తొమ్మిదింటినీ ఆలోపు పూర్తిచేయడం ఒక్క మనిషి వల్ల కాదు. అందుకే ఒకటి ఖాళీ అయ్యాకే ఇంకొకటి.

నో కాస్ట్ ఈఎంఐ మాత్రం వద్దు. వడ్డీని డిస్కౌంటుగా తగ్గించినా, ఆ వడ్డీ మీద జీఎస్టీ, చాలా బ్యాంకుల్లో ప్రాసెసింగ్ ఫీజు మీ మీదే పడతాయి.

చెల్లి పెళ్లికి ఆ తొమ్మిదింట్లో పట్టుచీరకు నప్పేది ఒక్కటీ లేదా? ఈ ఆదివారం చీర పక్కన పెట్టి, అన్నీ చేతి మీద గీసి చూడండి. నిజంగా లేకపోతే, కార్డు కట్టేశాక, జీతం పడ్డ రోజున యూపీఐతో కొనుక్కోండి. పెళ్లి భోజనాలయ్యాక మళ్లీ వేసుకోవాలి కాబట్టి బ్యాగులో పెట్టుకోవడం మర్చిపోకండి.