నాడి చూసుకుని పరుగెత్తే పద్ధతి: మేనకోడలికి లేఖ

నల్లగొండ.

చిరంజీవి మేనకోడలికి మీ మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 21 కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చావని, రోజూ తెల్లవారకముందే మహబూబ్‌నగర్ నుండి పిల్లలమర్రి దారి పట్టి పరుగెత్తుతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. అయితే ఎంత మెల్లగా వెళ్ళినా చేతి గడియారం నాడి నిమిషానికి 172, 174 అని చూపుతూ ఎర్రరంగులో హెచ్చరిస్తున్నదని, దానికి భయపడి రెండు రోజులుగా పరుగు మానేశావని రాశావు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా 30 ఏళ్ళు పిల్లలను పరుగెత్తించినవాడిని, నలభై దాటాక నేనూ దూరపు పరుగులు మొదలుపెట్టినవాడిని కనుక ఈ విషయంలో నాకు తెలిసినదంతా రాస్తున్నాను, నిదానంగా చదువుకో.

అన్నిటికంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళి ఒకసారి ఈసీజీ తీయించుకో, బీపీ చూపించుకో, రక్తంలో హిమోగ్లోబిన్ ఎంత ఉందో పరీక్ష చేయించుకో. మీ తాతకు గుండె జబ్బు ఉండేది కనుక మన ఇంటివాళ్ళు ఈ పని వాయిదా వేయకూడదు. హిమోగ్లోబిన్ సంగతి ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, రక్తం తక్కువగా ఉన్న మనిషికి అదే ప్రాణవాయువును కండరాలకు చేర్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. నా దగ్గర సాధన చేసిన ఆడపిల్లల్లో కొందరు ఎన్ని నెలలు కష్టపడినా ఆయాసం తగ్గక బాధపడి, చివరకు రక్తహీనతకు మందులు వాడిన తరువాత తేరుకోవడం కళ్ళారా చూశాను. పరుగులో ఛాతీ పట్టేసినట్లయినా, కళ్ళు తిరిగినా, గుండె లయ తప్పినట్లనిపించినా ఆ క్షణమే ఆగిపోవాలి, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

ఇక నీ గడియారం. ఇంటి నుండి బయలుదేరిన రెండు నిమిషాలకే 172కు చేరి, తరువాత గంటసేపు అక్కడే కదలకుండా నిలిచిందని నువ్వు రాసిన వాక్యం దగ్గరే నాకు అనుమానం వచ్చింది. గుండె అలా నడుచుకోదు, మెల్లగా ఎక్కుతుంది, ఎత్తు వస్తే పెరుగుతుంది, పల్లం వస్తే తగ్గుతుంది. ఈ గడియారాలు చర్మంలోకి ఆకుపచ్చ వెలుతురు పంపి, రక్తం పొంగినప్పుడల్లా తిరిగివచ్చే వెలుతురులో కలిగే మార్పును లెక్కపెడతాయి. పట్టీ వదులుగా ఉంటే చేయి ఊగే తాళాన్నే అవి నాడి అనుకుంటాయి. పరుగెత్తేవాళ్ళ అడుగులు చాలావరకు నిమిషానికి 160 నుండి 180 మధ్య పడతాయి కనుక, నీ గడియారం నీ గుండెను కాక నీ అడుగులను లెక్కిస్తూ ఉండవచ్చు. పట్టీని మణికట్టు ఎముకకు రెండు వేళ్ళ పైకి జరిపి, బిగుతుగా కట్టి, పది నిమిషాలు పరుగెత్తిన తరువాత ఆగి, గొంతు పక్కన చూపుడువేలు, మధ్యవేలు ఆనించి 15 సెకండ్లు నాడి లెక్కపెట్టి దానిని నాలుగుతో హెచ్చించు. ఆగిన వెంటనే లెక్కపెట్టాలి, ఎందుకంటే నిలబడ్డ అర నిమిషంలోనే నాడి బాగా పడిపోతుంది. నీ లెక్క 140 వచ్చి గడియారం 172 చూపుతుంటే తప్పు ఎవరిదో తేలిపోతుంది. చేతనైతే ఛాతీకి కట్టుకునే బెల్టు ఒకటి కొనుక్కో. అది గుండె విద్యుత్ సంకేతాలనే పట్టుకుంటుంది కనుక దాని లెక్క నమ్మదగినది, కట్టుకునే ముందు దాని లోపలి పట్టీలను నీళ్ళతో తడపడం మాత్రం మరవకు.

గడియారం సరిగ్గా లెక్కించినా, ఆ ఎర్రరంగు ఎక్కడ మొదలవ్వాలో అది నిర్ణయించే తీరును కూడా నువ్వు తెలుసుకోవాలి. చాలా గడియారాలు 220 నుండి వయసు తీసివేసి, అదే నీ గుండె గరిష్ఠ వేగం అనుకుంటాయి. నీకు 34 ఏళ్ళు కనుక 186 వస్తుంది. ఇది 1971 నుండి చలామణిలో ఉన్న లెక్క, 2001లో 208 నుండి వయసులో పదింట ఏడు వంతులు తీసివేసే మరో లెక్క వచ్చింది, దాని ప్రకారం నీకు 184. రెండూ వేలమంది సగటును చెప్పేవే తప్ప నిన్ను చూసి చెప్పినవి కావు. ఒకే వయసువాళ్ళలో ఈ లెక్కకు పది అటూ ఇటూ ఉండడం మామూలే, ఇరవై తేడా ఉన్నవాళ్ళూ ఉంటారు. నీ గుండె గరిష్ఠ వేగం సాధనతో పెరిగేది కూడా కాదు, అది పుట్టుకతో వచ్చి వయసుతో తగ్గుతుంది, కనుక అది ఎక్కువ ఉన్నంత మాత్రాన గొప్పా లేదు, తక్కువ ఉంటే లోపమూ లేదు.

దానిని స్వయంగా తెలుసుకునే మార్గం ఉంది కానీ, రెండు నెలలు మెల్లని పరుగు సాగి, డాక్టరు సరే అన్న తరువాతే ఆ పని చేయాలి. మన్యంకొండ ఘాట్ రోడ్డు మొదట్లో బండ్లు తిరగని వేళకు చేరుకుని, 20 నిమిషాలు ఒళ్ళు వేడెక్కించుకుని, రెండున్నర నిమిషాల చొప్పున మూడుసార్లు ఎత్తుకు పరుగెత్తి, ప్రతిసారీ మెల్లగా నడిచి కిందికి దిగు. మూడోసారి చివరి అర నిమిషం నీ శక్తినంతా పెట్టు. అప్పుడు ఛాతీ బెల్టు చూపిన అత్యధిక సంఖ్య నీ గరిష్ఠానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఒంటరిగా వెళ్ళవద్దు, ఎవరినైనా తోడు తీసుకుపో.

రెండో సంఖ్య నిద్ర లేచిన వెంటనే, మంచం దిగకముందు చూసుకునే నాడి. ఒక వారం చూసి సగటు తీయి. ఫిన్లాండ్ దేశస్థుడు కార్వోనెన్ పేరుతో 1957 నుండి ప్రసిద్ధమైన పద్ధతిలో ఈ రెండు సంఖ్యల మధ్య తేడాను తీసుకుని, అందులో ఇన్ని వంతులని లెక్కగట్టి, విశ్రాంతి నాడికి కలుపుతారు. ఉదాహరణకు నీ గరిష్ఠం 194 అని, ఉదయపు నాడి 66 అని అనుకుందాం. తేడా 128. అందులో నూటికి 60 వంతులు 77, దానికి 66 కలిపితే 143. నూటికి 70 వంతులైతే 156. నీ మెల్లని పరుగు ఈ రెండింటి మధ్య ఉండాలి. అదే గడియారం చెప్పిన 186లో నూటికి 70 వంతులని పట్టుకుంటే 130 దగ్గరే ఆగిపోవలసి వచ్చి, నువ్వు నడక తప్ప పరుగు సాగించలేవు. ఒక్క తప్పుడు సంఖ్య వల్ల ఎంతమంది విసిగి మానేశారో చూశాను కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంతకూ మెల్లగా ఎందుకు పరుగెత్తాలనేది అసలు ప్రశ్న. ఇక్కడ ఎన్‌జీ కాలేజీ మైదానంలో పోలీసు ఉద్యోగాల పరీక్షకు 1600 మీటర్లు సాధన చేసే పిల్లలు రోజూ దమ్ము తెగేదాకా రౌండ్లు కొడుతూ ఉంటారు. ఏడెనిమిది నిమిషాల్లో ముగిసే పరుగుకు కొన్ని వారాలు అది పనిచేస్తుంది. రెండు గంటలకు పైగా సాగే నీ పరుగుకు కావలసిన బలం వేరు. మెల్లని పరుగు నెలల తరబడి సాగితే గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపుతుంది, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో మైటోకాండ్రియా అనే శక్తి కేంద్రాలు వృద్ధి చెందుతాయి, శరీరం కొవ్వును ఇంధనంగా వాడుకోవడం నేర్చుకుంటుంది. రోజూ గట్టిగా పరుగెత్తేవాళ్ళకు కోలుకునే సమయమే చిక్కదు, చివరకు గట్టి పరుగు పరుగెత్తవలసిన రోజున వాళ్ళ కాళ్ళలో సత్తువ మిగలదు. అందుకే వారంలో ఐదు రోజులు పరుగెత్తితే, పై ఉదాహరణ లెక్క ప్రకారం నాలుగు రోజులు నాడి 156 దాటకుండా చూసుకో, ఒక్క రోజు మాత్రమే గట్టిగా పరుగెత్తు.

నాకు 45వ ఏట ఇది అర్థమైంది. ఒక నవంబరు నెలలో ఉదయ సముద్రం కట్ట మీద నాడి 140 దాటనివ్వకుండా పరుగెత్తడం మొదలుపెట్టినప్పుడు కిలోమీటరుకు 8 నిమిషాల 10 సెకండ్లు పట్టింది. పానగల్ నుండి పాల క్యాన్లు కట్టుకుని సైకిల్ తొక్కుకుంటూ వచ్చే ముసలాయన నన్ను దాటిపోయేవాడు, నాకు నామోషీగా ఉండి వేగం పెంచాలనిపించేది. పుస్తకంలో రాసుకుంటూ ఓపిక పట్టాను. డిసెంబరు అంతా ఏ మార్పూ లేదు. జనవరి చివర అదే 140కి 7 నిమిషాల 35 సెకండ్లు వచ్చింది, మార్చి మొదట్లో 6 నిమిషాల 55. దమ్ము మాత్రం మొదటి రోజు ఎంత తేలికగా ఉందో అంతే తేలికగా ఉంది. నువ్వు కూడా నెలకొకసారి ఒకే దారిలో, ఒకే వేళకు, ఒకే నాడితో ఐదు కిలోమీటర్లు పరుగెత్తి పట్టిన సమయం రాసుకో, అభివృద్ధి అక్కడ కనిపిస్తుంది.

అయితే మన ఎండల్లో ఆ లెక్క తారుమారవుతుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో నా సమయం మళ్ళీ 7 నిమిషాల 40కి పోయింది, చేసిన సాధన వృథా అయిందని కుమిలిపోయాను. కారణం వేడి. ఒళ్ళు చల్లబరచడానికి గుండె రక్తాన్ని చర్మానికి కూడా పంపవలసి వస్తుంది, చెమటతో రక్తంలోని నీటిభాగం తగ్గి ఒక్కో కొట్టుకు పోయే రక్తం తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. గంటకు మించిన పరుగులో వేగం మారకపోయినా నాడి మెల్లగా ఎక్కుతూ పోవడం కూడా ఇందువల్లే. కనుక మార్చి నుండి జూన్ వరకు నాడిని పట్టుకో, వేగాన్ని వదిలేయి. ఐదింటికే బయలుదేరి ఏడింటికల్లా ఇల్లు చేరు, దూరపు పరుగు రోజున ఉప్పు వేసిన మజ్జిగో, నీళ్ళో వెంట ఉంచుకో.

గట్టి పరుగు రోజున ఒళ్ళు వేడెక్కాక పది నిమిషాల చొప్పున రెండుసార్లు, మధ్యలో మూడు నిమిషాలు మెల్లగా, నాడి 165 నుండి 175 మధ్య ఉండేటట్లు పరుగెత్తు. ఆ వేగంలో నోటి నుండి మూడు నాలుగు మాటలకు మించి రావు. 200, 400 మీటర్ల చిన్న పరుగులకు మాత్రం నాడి చూడవద్దు, గుండె ఆ వేగాన్ని అందుకునేలోపే పరుగు అయిపోతుంది.

ఉదయపు నాడిని రోజూ రాయడం మానవద్దు. నిరుడు వానాకాలంలో నా పుస్తకంలో ఎప్పుడూ 54, 55 ఉండే సంఖ్య ఒక రోజు 63 చూపింది. ఒంట్లో బాగానే ఉందని పరుగుకు పోబోయి ఆగాను, మరునాటి సాయంత్రానికి జ్వరం పట్టుకుంది. రెండు రోజులు వరుసగా మామూలుకన్నా ఏడెనిమిది ఎక్కువ ఉంటే విశ్రాంతి తీసుకో. నిద్ర చాలకపోయినా, మనసు బాగా లేకపోయినా పెరుగుతుంది, నెలసరికి ముందు రోజుల్లో రెండు మూడు ఎక్కువ ఉండడం సహజం, దానికి కంగారుపడకు.

బీపీకి మాత్రలు వాడే అల్లుడు గారు కూడా నీతో పరుగెత్తుతున్నారని రాశావు. బీపీకి వాడే మాత్రల్లో బీటా బ్లాకర్ అనే రకం గుండె వేగాన్ని తొక్కిపెడుతుంది, ఆయన వాడేది అదేనేమో డాక్టరును అడగమను. అదే అయితే పైన రాసిన సంఖ్యలేవీ ఆయనకు వర్తించవు, ఆగకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలో పరుగెత్తితే సరిపోతుంది. మాత్ర మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మానవద్దు.

పోటీ రోజున జనాన్ని, డప్పుల మోతను చూసి నాడి తానుగా పైకి పోతుంది. నా మొదటి పోటీలో ఆ ఉత్సాహంలో ఐదు కిలోమీటర్లు పెద్ద వేగంతో పోయి, 15 దాటేసరికి కాళ్ళు మొద్దుబారి నడవవలసి వచ్చింది. నువ్వు మొదటి ఐదు కిలోమీటర్లు 160 దాటనివ్వకు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేసి నాడిని కాపాడుకో. 15 దాటాక ఇక గడియారం చూడనవసరం లేదు, అప్పటికి నాడి ఎలాగూ ఎక్కి ఉంటుంది, ఉన్న బలంతో పరుగెత్తు.

గడియారం పట్టీ సరిచేశాక గొంతు దగ్గర లెక్కపెట్టిన సంఖ్య ఎంత వచ్చిందో, వారం రోజుల ఉదయపు నాడి ఎంత ఉందో నాకు రాయి. ఉగాదికి వచ్చేటప్పుడు బూట్లు, నాడి రాసుకునే పుస్తకం వెంట తెచ్చుకో, తెల్లవారుజామున ఉదయ సముద్రం కట్ట మీద కలిసి పరుగెత్తుదాం.

ఆశీస్సులతో,
మీ మేనమామ