బావిలో పెట్రోలు వాసన: గడువు ఏ రోజు నుంచి లెక్క?

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లాలో హైవే పక్క ఊరు. మా బావికి దగ్గరలో పెట్రోలు బంకు ఉంది. 2021 దీపావళి నుంచి నీళ్లు పెట్రోలు వాసన వస్తున్నాయి. 2022 జనవరిలో పంచాయతీకి అర్జీ ఇచ్చాం. నిరుడు ప్రైవేటు ల్యాబులో చూపిస్తే పెట్రోలులో ఉండే బెంజీన్ అనే విషపదార్థం ఉందన్నారు. తోట ఎండిపోయింది, అమ్మ ఆరోగ్యం చెడింది. బావి పూడ్చేసి, ఇక ఏ గొడవా లేదని స్టాంపు కాగితంపై సంతకం పెడితే మూడు లక్షలిచ్చి కొత్త బోరు వేయిస్తానని బంకు యజమాని అంటున్నాడు. లేదా ఇక్కడి కోర్టులో దావా వేయాలా?

జవాబు: మీ కేసును తేల్చేది తోటా కాదు, ల్యాబు రిపోర్టూ కాదు, మీరు మాటవరసకు ప్రస్తావించిన పంచాయతీ అర్జీ. దాని నకలు పంపారు కాబట్టి చదివాను. అందులో “రెండు నెలలుగా వాసన వస్తోంది” అని మీ చేతితోనే రాశారు. మీరు వెళ్లాల్సింది పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లోని సెక్షన్ 15 కింద పరిహారానికీ, పాడైన నేలనూ నీటినీ బాగుచేయించడానికీ గడువు 5 సంవత్సరాలు. అది కేసుకు కారణం “మొదట” తలెత్తిన రోజు నుంచి నడుస్తుంది. తగిన కారణం చూపితే మరో 60 రోజులు దాకా మన్నిస్తారు, ఆ పైన లేదు. ల్యాబు రిపోర్టు వచ్చిన రోజే విషయం తెలిసిందని వాదించవచ్చు గానీ, మీ అర్జీ ఎదుట ఉండగా ఆ వాదనను నమ్ముకోవద్దు. 2026 నవంబరు మొదటి వారమే మీ గడువు అనుకుని నడవండి. నాలుగేళ్లు ఊరి పెద్దల చుట్టూ తిరిగి, కాగితం పట్టించుకోకపోవడం మీ తప్పే.

స్థానిక కోర్టులో దావా వేయకండి. ట్రిబ్యునల్ తేల్చగల ఇలాంటి పరిహార వివాదాలను సివిల్ కోర్టు చేపట్టకుండా సెక్షన్ 29 అడ్డుపడుతుంది. అధికార పరిధి లేదని అక్కడ తేలేలోపు అసలు గడువు గడిచిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల కేసులూ చెన్నైలోని ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనానికి వెళ్తాయి. 2013లో చెన్నై తండయార్‌పేటలో భూగర్భ పైపులైను నుంచి కారిన చమురు ఇళ్ల బోర్లలో తేలినప్పుడు ఆ వివాదం కూడా అక్కడికే చేరింది.

ఇక సాక్ష్యం. కూల్‌డ్రింకు సీసాలో నీళ్లు నింపి బస్సులో ల్యాబుకు పంపామని రాశారు. బెంజీన్ గాలికి ఎగిరిపోయే పదార్థం. సగం నిండిన ప్లాస్టిక్ సీసాలో దారిలోనే తగ్గిపోతుంది. పైగా నమూనా ఎవరు తీశారో, సీలు ఎవరు వేశారో చెప్పే కాగితం లేదు. గుర్తింపు పొందిన ల్యాబు మనిషే వచ్చి, 40 మిల్లీలీటర్ల గాజు సీసాలను గాలి బుడగ లేకుండా నింపి, ఐసు పెట్టెలో తీసుకువెళ్లాలి. కాలుష్య నియంత్రణ మండలికీ, బంకుకూ ముందే నోటీసిచ్చి వారి ఎదుటే తీయించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో బెంజీన్‌కు పెట్టిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. రిపోర్టు “ఉంది” అంటే చాలదు, అంకె చెప్పాలి. దానికన్నా బలమైన సాక్ష్యం బంకులోనే ఉంది: రోజూ ట్యాంకులోకి దించే కొలత కడ్డీ (డిప్ రాడ్)తో కొలిచి స్టాక్ రిజిస్టరులో రాసే లెక్క. ట్యాంకులో తగ్గిన పెట్రోలుకూ, పంపులో అమ్మిన పెట్రోలుకూ తేడా నెలల తరబడి కనిపిస్తే, కారుతోందని ఆ పుస్తకమే ఒప్పుకున్నట్లు. దాన్ని హాజరుపరచమని పిటిషనుతోపాటే కోరండి.

బావి మాత్రం పూడ్చకండి, ఆ స్టాంపు కాగితం ముట్టుకోకండి. పెట్రోలు నీటిపై తేలుతుంది కాబట్టి పొర ఎంత మందం ఉందో చూపించగల చోటు మీ చేతిలో అదొక్కటే. కొత్త బోరులోకి అదే నీరు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. వచ్చిన రోజున మీ సంతకమే మీకు అడ్డు వస్తుంది.

పిటిషనులో డీలరునే కాక చమురు కంపెనీనీ, కాలుష్య నియంత్రణ మండలినీ, బంకులకు లైసెన్సు ఇచ్చే పేలుడు పదార్థాల భద్రతా సంస్థనూ ప్రతివాదులుగా చేర్చండి. భూగర్భ ట్యాంకు ఎవరిదన్న తగవు వాళ్లే తేల్చుకుంటారు. “శుభ్రం చేయాలి” అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ముందు ట్యాంకు పరీక్ష, లీకు ఆపడం, తేలిన పొరను తోడడం, మట్టిలోని పెట్రోలు ఆవిరిని పీల్చి తీయడం, నీటిలో కలిసిన పెట్రోలు ఎగిరిపోయేలా నీటి అడుగుకు గాలి పంపడం, ఏటా రెండుసార్లు నీటి పరీక్ష, అంతవరకు ట్యాంకరు నీళ్లు అని వరుసగా అడగండి. కోర్టు రుసుము కోరిన పరిహారంలో 1 శాతం, కనీసం 1000 రూపాయలు. కాబట్టి తోట నష్టాన్ని లెక్కగట్టి అడగండి, ఊహించి కాదు. 2025 జులైలో కేంద్రం తెచ్చిన కలుషిత స్థలాల నిబంధనల కింద జిల్లా కలెక్టరుకు కూడా ఫిర్యాదు ఇవ్వండి, కానీ దాని జవాబు కోసం పిటిషను ఆపకండి. పంచాయతీ అర్జీపై రసీదు ముద్ర ఉంటే అసలు కాగితం భద్రపరచండి. తేదీ విషయంలో మీకు ఎదురు తిరిగే ఆ కాగితమే, ఫిర్యాదు 2022 నాటికే పంచాయతీ చేతికందిందని రుజువు చేస్తుంది.