సెప్టెంబర్ 17 గురించి మాట్లాడబోయే టీచరమ్మకు

చి. స్రవంతికి,

స్కూల్లో సెప్టెంబర్ 17 గురించి, అంటే 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన రోజు గురించి, పది నిమిషాలు మాట్లాడమన్నారని, ఏం చెప్పినా ఎవరికో ఒకరికి కోపం వచ్చేలా ఉందని, టెన్షన్‌గా ఉందని రాశావు. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినవాణ్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నా.

ఆ రోజుకి ఏ పేరు పెట్టాలన్న తగువుతో మాత్రం మొదలుపెట్టకు బిడ్డా. 2022లో ఒకే రోజున కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరిపితే, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం జరిపింది. ప్రభుత్వం మారాక 2024లో అదే రోజు ప్రజా పాలన దినోత్సవం అయింది. కమ్యూనిస్టులు సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతారు. విద్రోహం అనేవాళ్లూ ఉన్నారు. పేరు ముందే ఖాయం చేసుకుంటే దానికి అడ్డొచ్చే సంగతులు నీకు తెలియకుండానే జారిపోతాయి.

ప్రభుత్వాలు చరిత్రలో పచ్చి అబద్ధం ఆడటం కూడా ఉంది, లేదనను. 1940లో సోవియట్ రహస్య పోలీసులు కాటిన్ అడవిలోనూ మరికొన్ని చోట్లా దాదాపు 22,000 మంది పోలండ్ వాళ్లను కాల్చి చంపి, ఆ నేరాన్ని జర్మన్ల మీద వేశారు. 1990 దాకా ఒప్పుకోలేదు. అలాంటి అబద్ధం ఎప్పటికైనా దొరుకుతుంది. కథ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నదాంట్లో చేసే మోసం మాత్రం దొరకదు. అందులో చెప్పిన ప్రతి ముక్కా నిజమే మరి.

మన సంగతే చూడు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం చేతులెత్తేశాడు. రెండూ నిజమే. కానీ ఈ అయిదు రోజులే చెబితే పిల్లలకు ఒక చెడ్డ నవాబు, బయటి నుంచి వచ్చి కాపాడిన సైన్యం, అంతే కనిపిస్తాయి. మధ్యలో ఊళ్లలో జనం ఏం చేశారన్నది మాయమైపోతుంది.

అందుకని 1946 జులై 4 నుంచి మొదలుపెట్టు. ఆ రోజు కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది, నిజాం కింద ఊళ్లను ఏలిన దొర విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట మీదికి వచ్చిందీ ఆ దేశ్‌ముఖే. ఆయన హిందువు. అంతకుముందే ఆ దొరల మీద కోర్టుకెక్కి పోరాడి ప్రాణం పోగొట్టుకున్న బందగీ ముస్లిం రైతు. ఆ దొరల మీద, నిజాం మీద సాగిన సాయుధ పోరాటంలో పనిచేసిన కమ్యూనిస్టు కవి మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిమే. ఇవన్నీ పక్కపక్కన పెడితే చాలు, నువ్వు వేరే వ్యాఖ్యానం చేయక్కర్లేదు.

అలాగని నిజాం పక్షాన ఊళ్ల మీద పడ్డ సాయుధ ముఠా, రజాకార్లు చేసింది పలచన చేయొద్దు. సమైక్యత అనే మెత్తటి మాట వాడేవాళ్లు ఈ పని బాగా చేస్తారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఏం జరిగిందో చెప్పు. బురుజెక్కి ఊరిని కాపాడుకున్నవాళ్ల సంగతి, తర్వాత వరసగా నిలబెట్టి కాల్చిన సంగతి. అయితే ఏది ముందు, ఏది తర్వాత చెబుతావన్నది ముఖ్యం. నీ క్లాసులో ముస్లిం పిల్లలు కొందరు ఉంటారు గదా, రజాకార్లు అన్న మాట రాగానే మిగతావాళ్ల చూపు వాళ్ల మీదికి పోతుంది. అందుకే షోయబుల్లా ఖాన్ పేరు ముందు చెప్పు. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు, భారత్‌లో కలవాలని రాసినందుకు అదే ఆగస్టులో హైదరాబాద్‌లో రజాకార్లు చంపేశారు. ఆయన తర్వాత బైరాన్‌పల్లి చెబితే, రజాకార్లు ఒక మతం పేరులా కాకుండా ఒక ముఠా పేరులా వినపడుతుంది.

ఇక 17 దగ్గర ఆగొద్దు. అన్ని పార్టీల వాళ్లూ తడబడేది అక్కడే. విమోచనం అన్నవాళ్లు, ఓడిన నిజాం 1950 జనవరి 26 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా, అంటే గవర్నర్ లాంటి పదవిలో, ఎలా ఉన్నాడో చెప్పరు. ప్రభుత్వం ఆయనకు ఏడాదికి ఇచ్చిన 50 లక్షల రాజభరణం సంగతీ ఎత్తరు. వచ్చిన సైన్యం తర్వాత మూడేళ్లు తెలంగాణ ఊళ్లలో కమ్యూనిస్టుల మీద పనిచేసిందని కూడా చెప్పరు. కమ్యూనిస్టులు ఆ మూడేళ్ల త్యాగాలు చెబుతారు గానీ, సైన్యం వచ్చాక పోరాటం ఆపేయాలని పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి లాంటివాళ్లే అన్నారని, పార్టీ లోపలే చీలిక వచ్చిందని గట్టిగా చెప్పరు. 1951 అక్టోబర్‌లో గానీ ఆపలేదు.

అన్నిటికంటే తక్కువ వినపడేది సుందర్‌లాల్ కమిటీ మాట. 1948 చివర్లో కేంద్రం పంపితే పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు జిల్లాలు తిరిగి, సైనిక చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేశారు. చనిపోయినవాళ్లలో చాలామంది ముస్లింలు. ఆ నివేదికను ప్రభుత్వం అప్పట్లో అచ్చు వేయలేదు. బాగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఇప్పుడవి మహారాష్ట్రలో, కర్ణాటకలో ఉన్నాయి కాబట్టి మన సభల్లో వాటి ఊసు రాదు. అక్కడి సభల్లో అసలే రాదు. మరాఠ్వాడాలో అది ముక్తి సంగ్రామ దినం. కర్ణాటకలో 2019లో హైదరాబాద్-కర్ణాటక అన్న పేరే మార్చి కళ్యాణ కర్ణాటక చేశారు. ఎనిమిదో తరగతి వాళ్లకు ఈ అంకెలు అక్కర్లేదు. పదో తరగతికి విడిగా క్లాసులో చెప్పు, ప్రార్థన దగ్గర కాదు.

ఫొటోలతో జాగ్రత్త. పటేల్ ముందు నిజాం చేతులు జోడించిన ఫొటోను లొంగిపోయిన రోజుదని ప్రతి ఏడాదీ వాట్సాప్‌లో తిప్పుతారు. అది బేగంపేట విమానాశ్రయంలో, 1949 ఫిబ్రవరిలో పటేల్ వచ్చినప్పటిది. నిజాం అభిమానుల దగ్గరా ఇలాంటిదే ఒకటుంది. దేశ రక్షణకు 5,000 కిలోల బంగారం దానం చేశాడని. 1965లో ఆయన పెట్టింది 425 కిలోలు, అదీ వడ్డీ వచ్చే గోల్డ్ బాండ్లలో. ఉస్మానియా యూనివర్సిటీ, నిజాంసాగర్ కట్టించిన మాట నిజమే గనక ఆయన్ని మెచ్చుకోడానికి ఈ బంగారం అవసరం లేదు.

మీ ఊళ్లో ఆ కాలం చూసిన ముసలివాళ్లు ఉంటే తప్పక కలువు. రజాకార్ల గురించి చెప్పు తాతా అని అడగకు. అలా అడిగితే సభల్లో విన్నదే తిరిగి చెప్తారు. అప్పుడు మీ ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, పొలం ఎవరి పేరు మీద ఉండేది, వెట్టికి ఎవరు పోయేవారు, భయమైనప్పుడు రాత్రిళ్లు ఎక్కడ పడుకునేవారు అని అడుగు. అప్పుడు అసలు సంగతులు వస్తాయి.

హెడ్మాస్టరు గారు అభ్యంతరం చెబితే వాదించకు. కాగితంలో విశేషణాలు కొట్టేసి తేదీలు, ఊళ్లు, పేర్లు ఉంచు. క్రూరమైన, వీరోచితమైన లాంటివి పోతే ఎవరికీ పట్టుకోడానికి ఏమీ దొరకదు. సర్క్యులర్‌లో ఏ పేరు ఉంటే జెండా దగ్గర ఆ పేరే చెప్పు. ఉద్యోగం కొత్తది.

రాసింది ముందు నాకు పంపు. మీ పెద్దమ్మకు చదివి వినిపిస్తా. ఆమెకు ఎక్కడ నిద్రొస్తే పిల్లలకూ అక్కడే వస్తుంది, ఆ ముక్క తీసేద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న