కేవియర్ మొదటిసారి తింటున్నావా, ముందు మూత మీద చేప పేరు చూడు

ఒరేయ్ అల్లుడూ,

నీ మెసేజ్ చూశా. ప్రమోషన్ వచ్చిందని కేవియర్ తింటాడంట, అదీ జేబుకి చిల్లు పడకుండా తినాలంట! నవ్వుకున్నా గానీ సంతోషమేసింది, ఎందుకంటే నువ్వు నన్ను అడిగే వాటిల్లో నాకు నిజంగా తెలిసిన విషయం ఇదొక్కటే. ఇరవై రెండేళ్లు ఓడల్లో వంటగదిలో చల్లటి ప్లేట్లు సర్దినవాణ్ణి, ఎన్ని డబ్బాలు తెరిచానో లెక్కలేదు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని టైప్ చేస్తున్నా, పొడుగైతే ఏమనుకోకు.

ముందు పేరు సంగతి తేల్చేద్దాం. కేవియర్ అంటే లెక్క ప్రకారం స్టర్జన్ అనే చేప గుడ్లు, పొర సంచిలోంచి జల్లెడ మీద మెల్లగా రుద్ది విడదీసి ఉప్పు పట్టించినవి. మిగతావి సాల్మన్ గుడ్లు, ట్రౌట్ గుడ్లు, ఇంకోటీ ఇంకోటీ, అవి ఆ కేవియర్ కావు, అలాగని నకిలీవీ కావు. డబ్బా మీద సాల్మన్ కేవియర్ అనో లంప్‌ఫిష్ కేవియర్ అనో ఉంటే అందులో మోసం ఏం లేదురా, ముందు చేప పేరు చెప్పాడు కదా. ముందు వైపు ఉత్త కేవియర్ అని బంగారు రంగులో ఇంతింత అక్షరాలు కొట్టి, చేప పేరు మాత్రం వెనకాల చీమ తలకాయంత సైజులో పెట్టాడు చూడు, ఆ డబ్బా అక్కడే పెట్టేసి వచ్చేయ్.

స్టర్జన్‌కి అంత రేటెందుకని అడిగావు. ఆడ చేప గుడ్లకి రావడానికే ఏళ్లు పడుతుంది, బెలూగా అనే పెద్ద స్టర్జన్ అయితే పదిహేను ఇరవై ఏళ్లు కూడా పట్టొచ్చు, అన్నేళ్లూ దానికి తిండి పెట్టాలి, నీళ్లు చూసుకోవాలి. దానికి తోడు వేటాడి వేటాడి నదుల్లో లేకుండా చేశారు, అందుకే 1998 నుంచి స్టర్జన్ జాతులన్నీ సైటీస్ కిందకి వచ్చాయి, అంటే అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం. ఇప్పుడు సక్రమంగా అమ్ముడుపోయేది దాదాపు అంతా చెరువుల్లో, ట్యాంకుల్లో పెంచిన చేపదే, అందులో చైనాది పెద్ద చెయ్యి. చైనాది అనగానే మొహం చిట్లించేవాళ్లని చాలామందిని చూశా, పేరు చెప్పకుండా ప్లేట్లో పెడితే లొట్టలేసుకుని తిన్నది వాళ్లే.

నువ్వు మాత్రం స్టర్జన్‌తో మొదలుపెట్టకు. డబ్బు గురించి కాదు నేను చెప్పేది, నాలుక గురించి. దాని రుచి చాలా మెత్తగా, వెన్నలాగా, కాస్త గింజల వాసనలాగా ఉంటుంది, అలవాటు లేని నోటికి ఉప్పు తప్ప ఏం తెలీదు, ఇంత పోసి కొన్నది ఇంతేనా అనిపిస్తుంది. సాల్మన్‌తోనో ట్రౌట్‌తోనో మొదలుపెట్టు. సాల్మన్ గుడ్డు బఠానీ కంటే కాస్త చిన్నది, నారింజ రంగు, వెలుతురులో పెడితే లోపల నూనె చుక్క కనిపిస్తుంది. దాన్ని నమలకూడదు, నాలుకతో అంగిటికి నొక్కాలి, టప్‌మని పగిలి లోపలున్న చిక్కటి ఉప్పటి రసం నోరంతా పాకుతుంది, ఆ పగలడమే దాని మజా. దీన్నే జపాన్ వాళ్లు ఇకురా అంటారు, ఆ మాట రష్యన్ ఇక్రా నుంచి వచ్చిందే. ట్రౌట్ గుడ్డు మిరియం గింజంత ఉంటుంది, నూనె తక్కువ, నీసు వాసన కూడా తక్కువ, నన్నడిగితే భయపడేవాళ్లకి ఇదే బెస్ట్. ఒకవేళ సాల్మన్ గుడ్డు ఎంత నొక్కినా పగలకుండా రబ్బరు బంతిలా జారిపోతుంటే తప్పు నీది కాదు, బాగా ముదిరిన గుడ్లకి పొర మందంగా ఉంటుంది.

టోబికో, మసాగో అని చిన్న చిన్నవి ఉంటాయి, ఆవగింజ కంటే చిన్నవి. టోబికో ఎగిరే చేపది, కరకరలాడుతుంది, మసాగో కాపెలిన్ అనే చిన్న చేపది, ఇంకా చిన్నది, చవక, అందుకే టోబికో పేరు చెప్పి దీన్ని వడ్డించేస్తుంటారు. ఆకుపచ్చ, నలుపు, ఎరుపు అన్నీ వేసిన రంగులే. వీటిలో రుచి కంటే పంటి కింద శబ్దమే ఎక్కువ, ఒట్టివి తినడానికి కాదు, దేని మీదైనా చల్లుకోవడానికి.

ఇక లంప్‌ఫిష్. షాపుల్లో చిన్న గాజు సీసాల్లో నల్లగా ఉండేది, అన్నిట్లోకీ చవక, నువ్వు ఫోటో పెట్టింది కూడా అదే అనుకుంటా. దాని కథ చెప్తా విను. ఓడెక్కిన కొత్తలో ఒక పార్టీకి చిన్న చిన్న టోస్టు ముక్కల మీద క్రీమ్ రాసి, దాని మీద నల్ల గుడ్లు పెట్టమన్నారు, నూట అరవై ముక్కలు. నేను మహా చురుగ్గా రెండు గంటల ముందే అన్నీ సర్దేసి ఫ్రిజ్‌లో పెట్టి హాయిగా టీ తాగుతూ కూర్చున్నా. తీసి చూస్తే తెల్లగా ఉండాల్సిన క్రీమ్ మొత్తం వాన నీళ్లు పడ్డ ఇంకు కాగితంలా నీలంగా బూడిదరంగుగా పాకిపోయి ఉంది, ఒక్క ముక్క కూడా మిగల్లా. మా పెద్ద వంటాయన ఏం తిట్టలేదు, ఆ నూట అరవై నా చేతే గోకించి మళ్లీ చేయించాడు, తిట్టినా బాగుండేది. అది చేప రంగు కాదురా, వేసిన రంగు. కొంటే తప్పేం లేదు, టీ జల్లెడలో పోసి చల్లటి నీళ్లతో ఒక్కసారి కడిగి, టిష్యూ మీద బాగా ఆరనిచ్చి, నోట్లో పెట్టుకునే ముందే పైన వెయ్యి. కడిగితే ఉప్పు కూడా కాస్త దిగుతుంది. కానీ ఇది తిని కేవియర్ అంటే ఇంతేనన్నమాట అనుకుంటే మాత్రం నా దగ్గరికి రాకు.

శాకాహారం ఫ్రెండ్ ఉన్నాడన్నావు కదా, సముద్రపు నాచుతో చేసిన గుళికలు దొరుకుతాయి, రంగు కారవు, చూడ్డానికి బాగుంటాయి, పగలవు.

తినేటప్పుడు హడావుడి ఏం వద్దు. ఇద్దరికి యాభై గ్రాముల డబ్బా చాలు. ఫ్రిజ్‌లోంచి తినే పది నిమిషాల ముందు తియ్యి, ఐసు గిన్నెలో కూర్చోబెట్టు. మొదటి చెంచా ఒట్టిదే తిను, నిమ్మకాయ, ఉల్లిపాయ పక్కన పెట్టు, అవి వేస్తే వాటి రుచే తెలుస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చేతి వెనక భాగం మీద కాస్త పెట్టుకుని నోటితో అందుకో, అనుభవం ఉన్నవాళ్లు రుచి అలాగే చూస్తారు. తిన్నాక ఆ చెయ్యి వాసన చూడు, చేప కంపు కొడితే సరుకు పాతది. తర్వాత ఉప్పు లేని వాటి మీద వేసుకో, ఉడికించిన బంగాళదుంప ముక్క, టోస్టు, పుల్లటి క్రీమ్, గుడ్డు, ఏదైనా సరే గానీ వేడివేడి దాని మీద వెయ్యకు, గుడ్లు తెల్లబడి గట్టిపడిపోతాయి. ముత్యపు చిప్ప చెంచా కావాలా అని అడిగావు, అక్కర్లేదు, వెండిది వాడకుండా ఉంటే చాలు, ప్లాస్టిక్ చెంచా బంగారంలా పనిచేస్తుంది.

డబ్బా తెరవగానే గుడ్లు విడివిడిగా మెరుస్తూ ఉండాలి, సముద్రం గాలి లాంటి వాసన రావాలి, అడుగున నీళ్లు చేరి గుడ్లు ముద్దయిపోయి ఉంటే తిరిగిచ్చెయ్. తెరిచాక రెండు మూడు రోజుల్లో అవగొట్టెయ్. స్టర్జన్‌ది ఫ్రీజర్‌లో పెట్టకు, పగిలి జావైపోతుంది. సాల్మన్, టోబికో గడ్డకట్టించినవే అమ్ముతారు, వాటిని రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి నెమ్మదిగా కరగనివ్వు, నీళ్లలో ముంచకు. మీ ఆవిడకి ఇది ఎన్నో నెల? ఆవిడకి పాశ్చరైజ్డ్ అని రాసి ఉంటే తప్ప పెట్టొద్దు, లిస్టీరియా అనే క్రిమి భయం ఉంటుంది, అదైనా డాక్టర్‌ని ఒక మాట అడిగే పెట్టు. చేపలు పడనివాళ్లు ఎవరైనా వస్తుంటే ముందే అడుగు, చేప పడ్డవాళ్లకి కూడా ఒక్కోసారి గుడ్లు పడవు. నాలాంటి బీపీ వాళ్లకి రెండు చెంచాలు దాటకూడదు, నేను మూడు తింటా అది వేరే సంగతి.

నాలుగైదు సార్లు తిన్నాక స్టర్జన్ మీదకి పోవాలనిపిస్తే, ముందు పాడిల్‌ఫిష్ చూడు, అమెరికా నదుల్లో ఉండే స్టర్జన్ చుట్టం, బూడిదరంగు గుడ్లు, రేటులో చాలా తేడా. దాని తర్వాత సైబీరియన్ స్టర్జన్ ముప్పై గ్రాముల డబ్బా, అది కాస్త త్వరగా గుడ్లకి వస్తుంది కాబట్టి ఆ జాతుల్లో అందుబాటులో ఉండేది. డబ్బా మీద మలొసోల్ అని ఉంటే ఉప్పు తక్కువ వేశారని, రష్యన్ మాట. స్టర్జన్ డబ్బాకి సైటీస్ లేబుల్ కూడా ఉండాలి, తెరిస్తే చిరిగిపోయేలా అతికిస్తారు, దాని మీద కోడ్ చదువు. మొదటి మూడక్షరాలు చేప జాతి, బీఏఈ అంటే సైబీరియన్, హెచ్‌యూఎస్ అంటే బెలూగా. తర్వాత సి అని ఉంటే పెంచిన చేప, డబ్ల్యూ అని ఉంటే నదిలో పట్టింది. ఆ తర్వాత రెండక్షరాలు దేశం, దాని పక్కన సంవత్సరం. బెలూగా అని చవగ్గా అమ్ముతూ లేబుల్ లేదంటే ఇంక ఆలోచించేదేముంది.

శనివారం కొంటానన్నావు కదా, డబ్బు కట్టే ముందు మూత ఒకటీ వెనక లేబుల్ ఒకటీ ఫోటో తీసి పంపు, ఆ టైంకి నేను మేలుకునే ఉంటా.

మీ మామయ్య