పరీక్ష సర్వర్ సర్టిఫికెట్‌ను జావా క్లయింట్ నమ్మేలా చేయడం ఎలా?

పరీక్ష సర్వర్‌లోని వెబ్ సేవను జావా క్లయింట్ పిలవగానే సర్టిఫికెట్ లోపం వస్తోంది, తనిఖీని పూర్తిగా ఆపేయవచ్చా అన్నది ప్రశ్న. ఆపేయవచ్చు, కానీ వద్దు. అన్నిటికీ తల ఊపే ట్రస్ట్ మేనేజర్‌ను (సర్టిఫికెట్‌ను నమ్మాలో లేదో తేల్చే జావా భాగం) పరీక్షల కోసమే రాసినా, అది అసలు విడుదలలోకి జారిపోతే కనిపెట్టేవారు ఉండరు.

సర్వర్ సర్టిఫికెట్‌ను, లేదా దానిపై సంతకం చేసిన అంతర్గత సీఏ (సర్టిఫికెట్లు జారీ చేసే వ్యవస్థ) మూల సర్టిఫికెట్‌ను, జావాతో వచ్చే కీటూల్ అనే సాధనంతో ఒక విడి ట్రస్ట్‌స్టోర్ ఫైలులో, అంటే నమ్మదగిన సర్టిఫికెట్లు ఉంచే ఫైలులో, చేర్చండి. రెండోదే మేలు: సర్వర్ సర్టిఫికెట్ గడువు తీరి మారినా ఈ ఫైలును మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. ఫైలు ఎక్కడుందో జావాఎక్స్.నెట్.ఎస్‌ఎస్‌ఎల్.ట్రస్ట్‌స్టోర్ (javax.net.ssl.trustStore) అనే సిస్టమ్ ప్రాపర్టీలో, జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ను నడిపేది) మొదలయ్యేటప్పుడే చెప్పండి. కోడ్ మధ్యలో పెడితే, అప్పటికే డిఫాల్ట్ ఎస్‌ఎస్‌ఎల్ కాంటెక్స్ట్ (సురక్షిత కనెక్షన్ల అమరికలు ఉండే జావా ఆబ్జెక్ట్) తయారై ఉంటే, ఫలితం ఉండదు.

చాలామంది తడబడేది ఇక్కడే: ఈ ప్రాపర్టీ జావాతో వచ్చే సీఏసర్ట్స్ అనే నమ్మదగిన సీఏల జాబితాకు అదనం కాదు, దాని స్థానాన్నే తీసుకుంటుంది. అదే ప్రోగ్రామ్ బయటి సేవలనూ పిలుస్తుంటే అవి హఠాత్తుగా విఫలమవుతాయి. అప్పుడు సీఏసర్ట్స్ నకలు తీసి అందులోనే మీ సర్టిఫికెట్ చేర్చండి. లేదా ఆ ఒక్క క్లయింటుకే వేరే ఎస్‌ఎస్‌ఎల్ కాంటెక్స్ట్ ఇవ్వండి. కోడ్ కాస్త పెరుగుతుంది, అయినా నాకు ఇదే నచ్చుతుంది.

ఇంత చేశాక కూడా హోస్ట్ పేరు సరిపోలలేదని వస్తే, దానికీ ట్రస్ట్‌స్టోర్‌కూ సంబంధం లేదు. మీరు పిలిచే పేరు సర్టిఫికెట్‌లోని ప్రత్యామ్నాయ పేర్లలో లేదన్నమాట. దాన్ని చేర్చి సర్టిఫికెట్ మళ్లీ తయారు చేయించండి.