ఎర్రగా కొన్న మొక్క పచ్చగా ఎందుకైంది?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రెండడుగుల అక్వేరియంలో గప్పీ, టెట్రా చేపలు ఉన్నాయి. నెలన్నర క్రితం ఎర్ర రొటాలా, ఎర్ర లుడ్విగియా మొక్కల కట్టలు తెచ్చి నాటాను. ఇప్పుడు రెండూ పచ్చబడిపోయాయి, కింది ఆకులు రాలుతున్నాయి. బోరు నీళ్లే వాడుతున్నాను, లైటు తొట్టితో వచ్చిందే. ఐరన్ మందు రోజూ పోస్తున్నాను. మా బావ చిటికెడు డీఏపీ వెయ్యమంటున్నాడు. వెయ్యనా?

జవాబు: ముందు ఆ డీఏపీ పొట్లం బావగారికే ఇచ్చెయ్యండి. అందులో ఉండేది అమ్మోనియం, మీ బోరు నీళ్లలాంటి క్షారం నీళ్లలో, అదీ ఎండాకాలపు వేడికి, అది అమ్మోనియాగా మారి చేపల్ని చంపేస్తుంది. చెరువులో అమ్మోనియా వచ్చిందంటే రైతుకి నిద్ర పట్టదని మీ వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మీ రెండడుగుల తొట్టికి చిటికెడంటే చిన్న సంగతేం కాదు.

ఇక ఎరుపు సంగతి. కడియం నర్సరీల్లో క్రోటన్ని నీడలో పెడితే ఏమవుతుందో చూసే ఉంటారు, రంగులన్నీ తగ్గి పచ్చ మిగులుతుంది. ఇదీ అంతే. ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం, గట్టి వెలుతురు పడితేనే మొక్క దాన్ని ఎక్కువగా తయారు చేస్తుంది. తొట్టితో ఇచ్చే లైటు చేపలు కనపడటానికే, మొక్కలకి కాదు. మొక్కల లైటు కొని రోజుకి ఏడెనిమిది గంటలు వెయ్యండి, పన్నెండు గంటలు వేస్తే పెరిగేది నాచే. ఐరన్ తక్కువైతే కొత్త ఆకు ఈనెలు పచ్చగా, మధ్యలో పాలిపోయి కనిపిస్తుంది. మీది నిండు పచ్చగా ఉందంటే ఐరన్ కొరత కాదు, ఆ సీసాకి కొన్నాళ్లు సెలవివ్వండి.

ఆకులు రాలడానికి రెండు కారణాలు. చాలా మొక్కల్ని అమ్మేముందు నీళ్లలో కాకుండా తడి గాలిలో పెంచుతారు, ఆ ఆకులు నీటిలో మునిగాక మొదటి రెండు మూడు వారాల్లో కుళ్లిపోయి కొత్తవి వస్తాయి, దానికి టెన్షన్ అక్కర్లేదు. నెలన్నర తర్వాత కూడా కిందవి రాలుతున్నాయంటే కట్టని విప్పకుండా అలాగే గుచ్చారని నా అనుమానం. సీసం పట్టీ తీసేసి, ఒక్కో కాడకీ వేలెడు ఎడం ఇచ్చి నాటండి, వెలుతురు అడుగుదాకా దిగాలి.

అన్నిటికంటే పెద్ద చిక్కు నీళ్లు. మీ బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్ల పెచ్చు కడుతోందా? అయితే లుడ్విగియా సర్దుకుంటుంది, రొటాలాల్లో ఎర్రటి మాక్రాండ్రా మాత్రం మొండికేస్తుంది. అది మన దక్షిణ భారతం మొక్కే, అయినా మెత్తటి నీళ్లు, అంటే సున్నం తక్కువున్నవి, కావాలి దానికి. కాలువ నీళ్లు వాడండి, కాలువలకి నీళ్లు ఆపేశాక బోరు నీళ్లలో ఆర్వో నీళ్లు సగం కలపండి. చెరువు నీళ్లు మాత్రం తేకండి, సున్నం, డోలమైటు చల్లి ఉంటారు.

ప్రశ్న: మొక్కలకి కావాల్సిన కార్బన్ డయాక్సైడ్ గ్యాసుని పంచదార, ఈస్టుతో సీసాలో చేసుకోవచ్చంటున్నారు. నిజమేనా? గాలి మోటారు కూడా తిప్పాలా? (భీమవరం నుంచి ఒకరు)

జవాబు: చేసుకోవచ్చు. కాకపోతే శీతాకాలంలో రెండు వారాలు నడిచే సీసా మే నెలలో నాలుగు రోజులకే ఉడుకెత్తి చల్లారిపోతుంది, ఇల్లంతా కల్లు వాసన, నాకు అయ్యిందండి, ఇంట్లో బాగానే తిట్టారు. పైగా రాత్రి దాన్ని ఆపలేం. వేడినీళ్లలో గ్యాసూ తక్కువే కరుగుతుంది, అందుకే మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాను పెట్టండి, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన నీళ్ల బదులు ఆర్వో నీళ్లే పోయాలి, బోరువి పోస్తే ఉప్పులు పేరుకుంటాయి. డబ్బు పెట్టగలిగితే ఆ గ్యాసు సిలిండర్ కొనండి, నీళ్లలో గ్యాసు లీటరుకి 30 మిల్లీగ్రాములు దాటనివ్వకండి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరిస్తే వెంటనే ఆపెయ్యండి. గాలి మోటారు పగలు వద్దు, గ్యాసంతా బయటికి పోతుంది. రాత్రి తిప్పండి. చీకట్లో మొక్కలూ ఆక్సిజన్ పీల్చుకుంటాయి, తెల్లవారుజామున చెరువుల మీద ఏరేటర్లు ఎందుకు తిప్పుతారో ఇక్కడా అందుకే.

ప్రశ్న: సర్, కాడలు పైకొచ్చేశాయి, ఎక్కడ కత్తిరించాలి? మా పెరట్లో పొన్నగంటి ఉంది, అక్వేరియం వాళ్ల ఎర్ర పొన్నగంటి లాంటిదే కదా, నాటొచ్చా? (అమలాపురం పాఠకురాలు)

జవాబు: కణుపుకి కాస్త పైన కత్తిరించండమ్మా. పైముక్క నాలుగంగుళాలు ఉంచి, కింది రెండు కణుపుల ఆకులు గిల్లేసి, పట్టకారుతో గుచ్చండి, కణుపుల దగ్గరే వేళ్లొస్తాయి. నేలలో మిగిలిన మొదలు రెండు పిలకలు వేస్తుంది, అలా రెండు మూడు కోతలకి పొద నిండుతుంది. మిగిలిన ముక్కలు కాలువలో పారెయ్యకండి, గుర్రపుడెక్క కూడా ఎక్కడి నుంచో వచ్చిందే.

పొన్నగంటి విషయంలో మీరన్నది సగం నిజం. అక్వేరియం మొక్క ఆల్టర్నాంథెరా రైనెకీ, దక్షిణ అమెరికాది. మన పొన్నగంటి దాని చుట్టమే, కానీ గట్టు మొక్క, పూర్తిగా ముంచితే కొన్ని వారాలకి కుళ్లుతుంది. దాన్ని పప్పులో వేసుకోండి.