విందుకు ముందే చెప్పవలసిన మాట

ప్రశ్న: వచ్చే నెల టోక్యోలో ఉద్యోగంలో చేరుతున్నాను. మొదటి వారంలోనే మా విభాగం వారు స్వాగత విందు ఇస్తారట, కైసెకి భోజనమట, అంటే చిన్న చిన్న వంటకాలు వరుసగా వడ్డించే జపాన్ విందు. నేను శాకాహారిని. అక్కడ కూరగాయల వంటకాలు ఏరుకుని తింటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఆ భోజనంలో చేప కంటికి కనిపించని చోట కూడా ఉంటుంది. జపాన్ వంటకు ప్రాణం దాషి. కొంబు అనే సముద్రపు నాచును, పొగబెట్టి ఎండబెట్టిన కత్సువో చేప తురుమును నీళ్ళలో వేసి తీసే పలుచని సారం అది. తేట సూపులోనూ ముల్లంగి ఉడికించిన నీళ్ళలోనూ అదే ఉంటుంది. అందుకని శాకాహారిని అని ఊరుకోకండి. పిలిచినవారికి కనీసం వారం ముందు ఈ వాక్యం రాసి పంపండి: ‘నికు మొ సకానా మొ, కత్సువో నొ దాషి మొ తబెరారెమాసెన్’. మాంసం, చేప, కత్సువో దాషి కూడా తినలేనని దాని అర్థం. గుడ్డు సంగతి, మద్యం సంగతి విడిగా చెప్పండి. వంటలో సాకె, మిరిన్ అనే బియ్యపు మద్యాలు వాడటం అక్కడ మామూలు.

నేను క్యోటోలో నా మొదటి విందుకు వెళ్ళినప్పుడు ఈ మాట ముందు చెప్పలేదు, గిన్నె ఎదుటికి వచ్చాక చెప్పాను. వంటాయన లోపలి నుంచి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి క్షమాపణ అడిగారు. పొరపాటు నాది. ఋతువును బట్టి వంటకాల వరుస కూర్చుకుని, పొద్దుటి నుంచి దాషి కాచిన మనిషి ఆయన. ఆ దృశ్యం తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ముందే తెలిస్తే చాలా చోట్ల షోజిన్ పద్ధతిలో వండిపెడతారు. అది బౌద్ధ ఆలయాల వంట. కొంబుతో, ఎండు షిటాకే పుట్టగొడుగులతో దాషి తీస్తారు. మనం కార్తీకమాసంలో మానేసినట్టే ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. నువ్వులతో చేసే గోమాదోఫు వస్తే నెమ్మదిగా తినండి, నోట్లో వెన్నలా కరుగుతుంది. తీరిక దొరికినప్పుడు కోయాసాన్ కొండ మీది ఆలయాల్లో ఒక రాత్రి బస చేసి ఆ వంట మళ్ళీ తినండి.

అన్నం కోసం తొందరపడకండి. చిన్న చిన్న గిన్నెలు ఒకదాని తరువాత ఒకటి వస్తూనే ఉంటాయి. అన్నం, మిసో సూపు, ఊరగాయ ముక్కలు వచ్చాయంటే భోజనం ముగింపుకు వచ్చినట్టు. మనకు పెరుగన్నం ఎలాగో అక్కడ అది అలాగ. సూపు గిన్నె మూత బిగుసుకుపోతే లాగకండి. గిన్నె అంచులను ఎడమచేత్తో కాస్త నొక్కితే అదే విడుతుంది.

చాప్‌స్టిక్స్ విషయంలో రెండు పనులు మాత్రం వద్దు. అన్నంలో నిలువుగా గుచ్చవద్దు, చనిపోయినవారికి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలతో ముక్క అందుకోవద్దు. దహనం తరువాత బంధువులు అస్థులు ఏరేది ఆ విధంగానే.

చివర పండు ముక్క తిన్నాక ‘గొచిసోసామా దెషితా’ అనండి, మంచి భోజనం పెట్టినందుకు కృతజ్ఞత చెప్పే మాట అది. బల్ల మీద డబ్బులు పెట్టవద్దు, టిప్పు ఇచ్చే అలవాటు అక్కడ లేదు. మంచి భోజనశాలల్లో మిమ్మల్ని సాగనంపడానికి వీధిలోకి వచ్చి, మీరు మలుపు తిరిగేవరకు నిలబడతారు. మలుపు దగ్గర ఒకసారి వెనుదిరిగి తల వంచండి.